ట్యాంకు మూతకు తాళం

నాకు కోపం ఎక్కువని భీమవరంలో లారీ ఉన్న ప్రతివాడికీ తెలుసు. ముప్పై ఏళ్ళుగా డీజిల్ పంపుల పని చేస్తున్నాను. బైపాస్ రోడ్డు పక్కన షెడ్డు, ముందు రెండు లారీలు పట్టే జాగా, లోపల ఒక బల్ల, గోడవారన చెవులు చిల్లులు పడేలా మోగే కంప్రెసరు. బండి తెచ్చినవాడు తిన్నగా జబ్బు చెప్పకుండా "మొన్న ఇంకో మెకానిక్ ఇలా అన్నాడండి" అని మొదలుపెడితే, "అయితే ఆయన దగ్గరికే పట్టుకెళ్ళు నాయనా" అని పంపేసిన రోజులున్నాయి. ఈ కోపంతో గిరాకీ పోతుందని మా ఆవిడ ఎప్పుడూ సాధిస్తుంది. పోలేదు. పని వచ్చినవాడి కోపాన్ని జనం భరిస్తారు. నేనిప్పుడు చెప్పబోయేది ఆ కోపం ఒక మనిషి బతుకు మీద పడ్డ సంగతి. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. సగం మంట ఆ లారీ ఓనరు మీద, సగం నా మీద.

ఆ ఓనరు చెరువుల రైతు. రొయ్యల చెరువులున్నాయి, వాటితోపాటు ఒక పాత లారీ ఉంది. పట్టుబడి రోజున, అంటే చెరువులో రొయ్యలు పట్టే రోజున, ఐసు కొట్టిన రొయ్యల ట్రేలు కాకినాడ వైపు ఫ్యాక్టరీకి తీసుకెళ్ళి, వచ్చేటప్పుడు మేత బస్తాలు వేసుకొస్తుంది. బండి పాతదే గాని ఇంజను రాయిలాంటిది. సెన్సార్లూ కంప్యూటర్లూ లేని కాలం నాటిది. చెవి పెట్టి వింటే జబ్బు చెప్పే ఇంజను. దాని మీద పద్ధెనిమిదేళ్ళుగా ఒకడే డ్రైవరు. సన్నటి మనిషి, మాట తక్కువ. మన గోదావరి వాళ్ళలో కూడా అంత మర్యాద తక్కువమందికి ఉంటుంది. ఏమడిగినా ముందు "ఆయ్" అని, ఆ తర్వాతే జవాబు చెబుతాడు. ఆ బండి తన సొంతమైనట్టు రోజూ అద్దాలు తుడిచేవాడు, టైర్లలో ఇరుక్కున్న గులకరాళ్ళు ఏరేవాడు.

పోయిన వేసవిలో బండి మొరాయించడం మొదలుపెట్టింది. మొదటిసారి నా దగ్గరికి తెచ్చినప్పుడు డ్రైవరే ముందొచ్చాడు, ఓనరు వెనక కారులో వస్తున్నాడన్నాడు.

"ఏంటి జబ్బు?" అన్నాను.

"ఆయ్, పొద్దున్నే స్టార్టవ్వడానికి ఏడిపిస్తుందండి. చాలాసేపు సెల్ఫ్ కొట్టాలి. స్టార్టయ్యాక బాగానే లాగుద్ది. తణుకు దాటేలోపు పికప్ పడిపోయి దానంతటదే ఆగిపోద్ది. నిండా డీజిల్ కొట్టించిన రోజైతే ఇంకా ముందే ఆగుతుందండి. సగం ట్యాంకుంటే ఎక్కువ దూరం వెళ్తుంది."

"నిండా ఉంటే ముందే ఆగుతుందా? ఎక్కడైనా విన్నావా ఆ మాట?"

"వినలేదండి, చూశాను. ఇంకోటండి మేస్త్రీగారూ. ఆగినప్పుడు ప్రైమరు నొక్కితే లోపలే ఉండిపోతుందండి, పైకి లేవట్లేదు. ఎవరో లోపల్నుంచి పట్టుకు లాగినట్టు ఉంటుంది."

ప్రైమరంటే పంపు పక్కనుండే చిన్న చేతి పంపు. లైన్లో గాలి పడితే దాన్ని నొక్కి నొక్కి డీజిల్ ఎక్కించి, గాలి బయటికి పంపి, అప్పుడు స్టార్ట్ చేస్తారు. నొక్కి వదిలితే స్ప్రింగుతో పైకి రావాలి. అది రాలేదంటున్నాడు. జబ్బంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. నేనేమన్నానో తెలుసా? "స్ప్రింగు పోయుంటుంది. నాకు పాఠాలు చెప్పకు, స్టూలు మీద కూర్చో" అన్నాను. అతను "ఆయ్" అని వెళ్ళి కూర్చున్నాడు.

ఇక్కడ నా పని పద్ధతి ఒకటి చెప్పాలి. ఏ బండి వచ్చినా, జబ్బు ఏదైనా, బానెట్ ముట్టుకునే ముందు ట్యాంకు మూత తీయిస్తాను. డీజిల్ వాసన చూసి, ఒక గాజు సీసాలోకి తీసి వెలుతురులో పెడతాను. మా గురువు నేర్పిన పద్ధతి అది. "ముందు బండి తాగేదేంటో చూడు, తర్వాతే దాని కడుపులో చెయ్యిపెట్టు" అనేవాడాయన. ముప్పై ఏళ్ళలో ఒక్కరోజు కూడా ఆ వరస తప్పలేదు. గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా.

ఆ రోజూ "మూత తియ్యి" అన్నాను డ్రైవరుతో. "తాళం ఓనరుగారి దగ్గరుందండి" అన్నాడు, నేలకేసి చూస్తూ.

అప్పుడు చూశాను, ట్యాంకుకి కొత్త మూత. మెరిసిపోతోంది, మధ్యలో తాళం. పది రోజుల కిందట వేయించాడట ఓనరు. పక్క చెరువు రైతెవరో టీ తాగుతూ "డ్రైవర్లు డీజిల్ లాగి అమ్మేసుకుంటున్నారండోయ్, చూసుకోండి" అన్నాడట. అంతే. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. పద్ధెనిమిదేళ్ళలో ఒక్క లీటరు తేడా చూపించని మనిషి వెనకాల తాళం పెట్టాడు. తాళంచెవి తన కారు తాళాల గుత్తిలో వేసుకున్నాడు. డీజిల్ కొట్టించాలన్నా ఆయన రావాలి. దారిలో ఏం చూసుకోవాలన్నా ఆయన రావాలి.

ఓనరు కారు దిగి వచ్చి మూత తీశాడు. నా కంప్రెసరు పక్కనే దడదడలాడుతోంది. వాసన చూశాను, సీసాలోకి తీశాను, బాగానే ఉంది. పని మొదలుపెట్టాను. ఫిల్టర్లు మార్చాను, జాయింట్ల దగ్గర రాగి వాషర్లన్నీ మార్చాను, గాలి తీశాను. సెల్ఫ్ కొట్టగానే ఇంజను అందుకుంది. బైపాస్ మీద అటూ ఇటూ పరిగెత్తించాను, ఎక్కడా తేడా లేదు. "తీసుకెళ్ళండి" అన్నాను.

నాలుగో రోజుకి మళ్ళీ ఫోను. తణుకు ముందే ఆగిపోయిందట. ఓనరు కారేసుకుని వెళ్ళాడు. వెళ్ళగానే ఆయన చేసే మొదటి పని ఏంటి? మూత తాళం తీసి డీజిల్ ఉందో లేదో చూడటం! చూశాడు, ఉంది. డ్రైవరు ప్రైమరు కొట్టి సెల్ఫ్ తిప్పాడు, బండి స్టార్టయింది. "నేనొస్తేనే స్టార్టవుద్దేంట్రా నీ బండి?" అన్నాడట ఓనరు. డ్రైవరు నాకా మాట చెబుతూ నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు.

రెండోసారి నా షెడ్డులో డీజిల్ లాగే ఫీడ్ పంపు మార్చాను. ట్యాంకు నుంచి వచ్చే పైపు ఊడదీసి లోపల గుడ్డముక్కో చెత్తో ఉందేమోనని గాలి కొట్టి చూశాను. ఏమీ లేదు. మళ్ళీ బాగానే స్టార్టయింది. మళ్ళీ పంపించాను. వారం తిరక్కుండా మళ్ళీ ఆగింది.

మూడోసారి వచ్చినప్పుడు నా ముందు ఇంకో రెండు లారీలున్నాయి, వాటి డ్రైవర్లు బల్ల మీద కూర్చుని మమ్మల్నే చూస్తున్నారు. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఓనరు కారు దిగుతూనే అందరికీ వినపడేలా అన్నాడు: "మీవల్ల కాకపోతే చెప్పండి మేస్త్రీగారూ, మొహమాటం దేనికి? తణుకు పట్టుకెళ్తాను."

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. నా వల్ల కాకపోవడమా? ఈ జిల్లాలో ఎవరి చేతా కాని పంపులు నా బల్ల మీదికొచ్చేవి! రెండుసార్లు చేసిన పని నిలవలేదన్న ఉక్రోషం అప్పటికే రగులుతోంది. మూత తీయించి సీసాలోకి డీజిల్ పట్టాను. వెలుతురులో పెట్టి చూస్తే అడుగున చెంచాడు నీళ్ళు కనబడ్డాయి. ఉప్పుగాలి, ఉక్క, చెరువుగట్ల మీదే రాత్రీపగలూ ఉండే బండి. అలాంటి ఏ ట్యాంకు అడుగున తీసినా ఆ చెంచాడు నీళ్ళు ఉంటాయి. ఆ సంగతి నాకు తెలుసు. నూటికి నూరుపాళ్ళూ తెలుసు. దాంతో ఇలా బండి ఆగదనీ తెలుసు.

తెలిసి కూడా సీసా పైకెత్తి అరిచాను: "ఇదిగో చూడండి! నా పనిలో ఏం తప్పుంది? డీజిల్లో నీళ్ళున్నాయి. నీళ్ళు వాటంతటవే వస్తాయా? ఎవరో తీసి కలిపితే వస్తాయి. ముందు మీ ఇంట్లో సంగతి చూసుకుని తర్వాత నన్ను అనండి!"

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, నాకు జబ్బు దొరక్క మనిషి మీదికి తోసేశాను. దొంగ అన్న మాట నా నోట రాలేదు. అనక్కర్లేకపోయింది. బల్ల మీద కూర్చున్నవాళ్ళందరూ తలలు తిప్పి అతన్నే చూశారు. అతను లేచి నిలబడి "తాళం ఓనరుగారి దగ్గరే ఉంది కదండి మేస్త్రీగారూ" అన్నాడు. ఎంత మంచి మాట! మెదడున్నవాడెవడైనా అక్కడ ఆగాలి. ఓనరు ఆగలేదు. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడంట! తాళాలు తియ్యడం రాని దొంగలుంటార్రా?" అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. నా మీదనుంచి నింద దిగింది కదా, నాకు హాయిగానే ఉంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణంలో నిజంగా హాయిగానే ఉంది.

రెండు రోజుల తర్వాత ఓనరు నాకు ఫోను చేశాడు. "అమ్మవారి గుడి దగ్గర ప్రమాణం చేయిస్తున్నానండి, మీరూ సాక్షిగా రావాలి" అన్నాడు. మా వైపు అదొక పద్ధతి. తగువు తెగకపోతే పళ్ళెంలో కర్పూరం వెలిగిస్తారు. నింద పడ్డవాడు అరచేత్తో దాన్ని ఆర్పి, నేను చెయ్యలేదని చెప్పాలి. తప్పు చేసినవాడు ఆర్పితే అమ్మవారు ఊరుకోదని నమ్మకం. నేను వెళ్ళాను. ఎందుకు వెళ్ళాలి? ఇంజను జబ్బు తేల్చడానికి కర్పూరం ఏంటి అని అడగాల్సినవాణ్ణి నేనే కదా? చొక్కా మార్చుకుని మరీ వెళ్ళాను.

అతను తలస్నానం చేసి తడిబట్టలతో వచ్చాడు. వెనకాల భార్య వచ్చింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. పూజారి కర్పూరం వెలిగించాడు. అతను ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. మంట మీద అరచెయ్యి అదిమిపెట్టి, "ఆ బండిలోంచి ఒక్క చుక్క తీసుంటే నా పిల్లలు నాకు దక్కరు" అన్నాడు. ఆవిడ అక్కడే కూలబడి ఏడ్చింది. ఓనరు "సరే, ఇక డ్యూటీకి రా" అన్నాడు. ఏదో పెద్ద తీర్పు ఇచ్చినవాడిలా నా వైపు చూసి తల ఊపాడు. నేనూ ఊపాను. ఛీ.

మూడో రోజున పట్టుబడి. బండికి నిండా డీజిల్ కొట్టించారు, నిండా రొయ్యలు ఎక్కించారు. తణుకు ఇంకా చాలా దూరం ఉండగానే ఆగిపోయింది. డీజిల్ కొట్టించగానే ఓనరు ఊరెళ్ళాడు, తాళంచెవి ఆయనతోపాటే వెళ్ళింది. ఆయన వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మే నెల ఎండలో ఐసు కరిగి నీళ్ళు రోడ్డంతా కారాయి. ఫ్యాక్టరీకి చేరేసరికి సగం సరుకు తలలు నల్లబడ్డాయి, వెనక్కి కొట్టేశారు. మర్నాడు ఐసు ఫ్యాక్టరీ దగ్గర, లోడుకి వచ్చిన పదిమంది డ్రైవర్ల ముందు, ఓనరు అతని చొక్కా పట్టుకున్నాడట. "ప్రమాణాలు చేసినంత తేలిగ్గా డీజిల్ కూడా తాగుతావురా? మేస్త్రీగారే తేల్చి చెప్పారు నీ సంగతి" అని బండి తాళాలు లాక్కున్నాడట.

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. నా నోరు జారింది ఒకసారి. ఆ మాట మాత్రం ఉండి ఊరి నుంచి ఆకివీడు దాకా ప్రతి చెరువుగట్టుకీ పాకింది. డీజిల్ దొంగని ఎవడు పెట్టుకుంటాడు? అతను నాలుగు చోట్ల అడిగాడని, నాలుగు చోట్లా లేదన్నారని విన్నాను. విని, పనిలో పడ్డాను.

కొత్త డ్రైవరు వచ్చాడు. కుర్రాడేం కాదు, పాతికేళ్ళ అనుభవం ఉన్నవాడు, కాకినాడ రేవులో బళ్ళు నడిపి వచ్చినవాడు. ఆరో రోజుకి బండి అతనికీ ఆగిపోయింది. ఈసారి ఓనరు మూత కూడా తీసి చూడకుండా దాన్ని కట్టించి నా షెడ్డుకి లాక్కొచ్చి, "వీడూ దొంగేనండి మేస్త్రీగారూ! కాలం అలా తగలడింది, ఒక్కడికీ నీతి లేదు" అన్నాడు.

ఇద్దరూ దొంగలా? ఇద్దరూ ఒకేలా తీసి, ఒకేలా నీళ్ళు కలిపి, బండిని ఒకే చోట ఆపుతారా? ఓరి నా తెలివి తగలెయ్య! చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. "తాళం తియ్యండి" అన్నాను.

ఆ రోజు కరెంటు లేదు. పొద్దున్నుంచీ కోత. కంప్రెసరు నోరు మూసుకుని ఉంది, షెడ్డులో చీమ చిటుక్కుమన్నా వినపడేలా ఉంది. ఓనరు తాళం తిప్పి మూత వదులు చేశాడు. సుయ్‌య్‌మని పెద్ద శబ్దం! గాలి లోపలికి పోతున్న శబ్దం. లోపలికి నొక్కుకుపోయిన ట్యాంకు గోడ టప్పున పైకి లేచింది. ముప్పై ఏళ్ళ పనివాణ్ణి, ఆ శబ్దానికి అలాగే నిలబడిపోయాను.

"ఏంటండి అది?" అన్నాడు ఓనరు.

మూత ఆయన చేతిలోంచి లాక్కుని తిరగేశాను. లోపల దళసరి రబ్బరు, చుట్టూ బిగుతుగా. గాలి పోవడానికి చిల్లు లేదు. పాత మూతకి ఉండేది, సూది మొనంత చిల్లు. డీజిల్ తగ్గేకొద్దీ అందులోంచి గాలి లోపలికొచ్చి ఆ ఖాళీ నింపేది. నూనె డబ్బాకి ఒకటే చిల్లు పొడిచి ఒంపితే నూనె కాస్త కారి ఆగిపోతుంది కదా, రెండో చిల్లు పొడిస్తేనే ధార కడుతుంది. అంతే సంగతి. ఇంట్లో ఆడవాళ్ళందరికీ తెలిసిన సంగతి. కొత్త మూత వేశాక ఇంజను డీజిల్ లాగుతుంటే ట్యాంకులోకి గాలి రాదు. లాగి లాగి, ఇక లాగలేక బండి ఆగిపోతుంది. ట్యాంకు నిండా ఉంటే లోపల గాలి కొంచెమే ఉంటుంది కాబట్టి ఇంకా త్వరగా ఆగుతుంది. రాత్రి ఆపి ఉంచితే ట్యాంకు పైపుల్లోని డీజిల్ని కూడా వెనక్కి లాగేస్తుంది, పొద్దున్న స్టార్టవ్వదు. ప్రైమరు నొక్కితే పైకి లేవదు. లోపల్నుంచి పట్టుకు లాగినట్టు ఉంటుంది. ఒక్కొక్కటీ అతను మొదటి రోజే చెప్పాడు. చెప్పిన మనిషిని స్టూలు మీద కూర్చోమన్నాను.

మరి నాకెందుకు దొరకలేదు? ఎందుకంటే నేను ముందు మూత తీయిస్తాను! మా గురువు పద్ధతి! మూత తీయగానే జబ్బు పోయేది, ఆ తర్వాత నేను వెతికేవాణ్ణి, ఫిల్టర్లు మార్చేవాణ్ణి, బాగుచేశానని మీసం తిప్పేవాణ్ణి. ఓనరు అనుమానంతో మూత తీస్తే బండి స్టార్టయ్యేది. అప్పటిదాకా, అతను ఎండలో నిలబడి ఫోను చేస్తున్నంతసేపూ, ఆగే ఉండేది. దొంగతనం చెయ్యకుండా పెట్టిన తాళమే బండి పీక పిసికింది.

అనుమానం ఇంకెక్కడా మిగలకూడదని, మూత బిగించి కొత్త డ్రైవరుతో పరీక్ష చేశాను. గేరు వెయ్యకుండా ఇంజను గట్టిగా తిప్పుతూ కూర్చున్నాం. చాలాసేపు పట్టింది. ఓనరు రెండుసార్లు టైము చూసుకున్నాడు. చివరికి ఇంజను దగ్గి, దగ్గి, ఆగిపోయింది. ప్రైమరు నొక్కాను. లోపలే ఉండిపోయింది. "మీరూ నొక్కండి" అని ఓనరు బొటనవేలు పట్టుకుని దాని మీద పెట్టాను. మూత తీశాను, గాలి లోపలికి పోయింది, ఆయన వేలి కింద ప్రైమరు టక్కున పైకి లేచింది. బండి స్టార్టయింది.

ఓనరు మొహంలో ఏం కనబడుతుందా అని చూస్తూ నిలబడ్డాను. ఆయన నవ్వాడు. "ఓసోస్, ఇంతేనా! అయితే తప్పు మూతదన్నమాట. కొండను తవ్వి ఎలకను పట్టాం" అన్నాడు.

"మూతదా?" అన్నాను. "మూత నడుచుకుంటూ వచ్చి ట్యాంకు మీద కూర్చుందా అండీ? పద్ధెనిమిదేళ్ళు మీ బండి కడిగినవాడి చేత కర్పూరం ఆర్పించారు. చొక్కా పట్టుకున్నారు. మీకు ఏమీ అనిపించట్లేదా?"

"అబ్బే, పోనివ్వండి మేస్త్రీగారూ, అయిపోయిందేదో అయిపోయింది. రేపట్నుంచి డ్యూటీకి రమ్మనండి వాణ్ణి."

"నేను రమ్మనడమేంటి? మీరు వెళ్ళి, అన్నచోటే, నలుగురిలో చెప్పి పిలవండి."

"డ్రైవరు దగ్గరికెళ్ళి నేను చెప్పుకోవాలా? నామోషీ కాదూ?" అన్నాడు. నేను నోటికొచ్చినట్టు తిట్టాను, ఏం తిట్టానో ఇక్కడ రాయను. ఆయన చొక్కా దులుపుకుని, కారు తలుపు తీసి, ఒక్క మాటన్నాడు: "నన్నంటారేంటండి? నాకు అనుమానమే వచ్చింది. దొంగని తేల్చింది మీరు. సీసా పైకెత్తి చూపించింది మీరు."

ఆయన వెళ్ళిపోయాడు. ఆ మనిషి మీద నాకు ఈనాటికీ కోపం తగ్గలేదు, కాని ఆ రోజు అన్న మాటలో అబద్ధం లేదు.

పాత డ్రైవరు ఐసు ఫ్యాక్టరీలో కూలికి కుదిరాడని కొత్త డ్రైవరు చెప్పాడు. ఎక్కడ ఓనరు అతని చొక్కా పట్టుకున్నాడో అక్కడే! మోటారుసైకిల్ తీసుకుని నూనె చేతులతోనే వెళ్ళాను. గేటు పక్కన టీ బడ్డీ, లోడు కోసం ఎదురుచూస్తున్న డ్రైవర్లు ఏడెనిమిదిమంది. లోపల ఐసు దిమ్మలు నలగ్గొట్టే మర మోగుతోంది. అతను భుజం మీద గోనెపట్టా వేసుకుని, దిమ్మలు మోసుకొచ్చి మరలో వేస్తున్నాడు. యాభై దాటిన మనిషి. మోకాళ్ళ దాకా తడిసిపోయి ఉన్నాడు.

దగ్గరికి వెళ్ళి, చెవిలో పడేలా చెప్పాను. మూత సంగతి, గాలి సంగతి, పరీక్ష సంగతి. ఓనరు డ్యూటీకి రమ్మన్నాడనీ చెప్పాను. నీ తప్పేం లేదని తేలిపోయిందయ్యా అన్నాను. ఆనందపడతాడనుకున్నాను. వెర్రివాణ్ణి.

"ఆయ్" అన్నాడు. దిమ్మ మరలో వేసి వచ్చాడు. "నేను తియ్యలేదని నాకు తెలుసు కదండి మేస్త్రీగారూ. నాకు కొత్తగా చెబుతున్నారేంటండి?"

"మరి డ్యూటీకి రావా?" అన్నాను.

"ఆ బండి నేను ఎక్కనండి. ఇక్కడ బాగానే ఉంది. కాని మా ఆవిడ వీధి కుళాయి దగ్గరికి వెళ్ళడం మానేసిందండి. మావాడు స్కూల్లో కొట్టుకున్నాడు. మీరు చెప్పాల్సింది నాకు కాదండి" అని టీ బడ్డీ వైపు చెయ్యి చూపించాడు. "అదిగో, వాళ్ళకి. ఆ రోజు మీ షెడ్డులో బల్ల మీద కూర్చున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆ రోజెంత గట్టిగా అన్నారో అంత గట్టిగా చెప్పండి."

వాళ్ళ వైపు తిరిగాను. ముప్పై ఏళ్ళు ఇంజన్ల మీద అరిచి అరిచి పెద్దదైన గొంతు నాది, కంప్రెసరు మోగుతున్నా రోడ్డవతలికి వినపడుతుంది. ఆ రోజు దాన్ని పైకి ఎత్తలేదు. "ఇతను డీజిల్ తియ్యలేదు" అన్నాను. మర మోతలో ఎవరి చెవికీ ఎక్కలేదు. టీ తాగుతున్నవాళ్ళు "ఏంటండి మేస్త్రీగారూ?" అన్నట్టు చేతులు ఆడించారు. నేను చెప్పేశాను కదా అన్నట్టు అతని వైపు తిరిగాను. ఎంత దొంగబుద్ధో చూడండి.

అతను గోడ దగ్గరికి వెళ్ళి మర స్విచ్చి ఆపేశాడు. మోత ఆగింది. లోపలి కూలీలు కూడా ఏమైందా అని బయటికి వచ్చారు. తడి చేతులు గోనెపట్టాకి తుడుచుకుంటూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"ఆయ్, ఇప్పుడు చెప్పండి" అన్నాడు.

చెప్పాను. "ఇతను చుక్క డీజిల్ తియ్యలేదు. ఆ కొత్త మూతకి గాలి చిల్లు లేదు, అందుకే బండి ఆగింది. జబ్బేంటో మొదటి రోజే ఇతను నాకు చెప్పాడు, నేను వినలేదు. నాకు చేతకాక, నా పరువు పోతుందని, నీళ్ళు కలిపాడని అబద్ధమాడాను. దొంగతనం చేసింది నేను" అన్నాను. అతను ఒక్కొక్కరి మొహం చూశాడు, అందరూ విన్నారో లేదో అని. ఆఖరికి నా మొహమూ చూశాడు. తర్వాత వెళ్ళి మర వేసి, ఇంకో దిమ్మ భుజానికెత్తుకున్నాడు.